మా అత్త పూడ్చిన గండి

నీళ్ళ విషయంలో మా అత్తంత పిసినారిని నేను ఇంతవరకూ చూడలేదు. నేను కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో, పెరట్లో ముఖం కడుక్కోబోతే ఎదురొచ్చి నిలబడేది, బీరపాదు దగ్గరికి పోయి కడుక్కోమని. కడవ దించేటప్పుడు నాలుగు చుక్కలు ఒలికితే, "మీ నాయన మోసుకొచ్చిన నీళ్ళనుకున్నావా?" అని తగులుకునేది. మోసుకొచ్చింది నేనే అని చెప్పే ధైర్యం నాకు అప్పట్లో లేదు. మా నాయనకు ఆమె స్వయానా అక్క. ఆమె తిట్టే తిట్లలో సగం ఆమె పుట్టింటికే తగిలేవి, అయినా వెనక్కి తగ్గేది కాదు.

ఆమెను తప్పుపట్టడానికీ లేదు. మాది పెద్దారవీడు అవతల, నల్లమల కిందున్న మెట్ట ఊరు. అప్పట్లో మా తాలూకా కర్నూలు జిల్లాలో ఉండేది, తెల్లదొరల కాలం. వేసవిలో బావులు ఎండితే వాగు ఇసుకలో చెలమ తవ్వి, ఊరిన నీళ్ళను చిప్పతో తోడుకోవాలి. ఒక కడవ నిండేలోపు ఊళ్ళో కబుర్లన్నీ అయిపోయి, పాత కబుర్లు మళ్ళీ మొదలయ్యేవి.

నేను చెబుతున్నది వానలు వరసగా రెండో ఏడు ఎగ్గొట్టినప్పటి సంగతి. కొర్ర మొలిచింది మొలిచినట్టే మాడింది. జొన్న కంకి పట్టలేదు. బతికుంటే బలుసాకు తినొచ్చు అంటారు గానీ, ఆ ఏడు మా బలుసు కంపలకు ఆకు కూడా లేదు. కరువు పని కింద రోడ్డుకు కంకర కొట్టాం. కొన్నాళ్ళకు అదీ ఆగిపోయింది. మగవాళ్ళు ఎద్దుల్ని బతికించుకోవడానికి అడవిలోకి తోలుకుపోయారు. మా ఆయనా వాళ్ళతోనే పోయాడు. ఇంట్లో మిగిలింది అత్తా నేనూ, ఒక కుండెడు జొన్న విత్తనాలూ. అవి వండుకు తింటే రేపు వాన పడినా విత్తడానికి ఏమీ ఉండదు. అందుకని డెల్టాకు వరికోతలకు పోదామని ఇద్దరం తేల్చుకున్నాం. అక్కణ్ణించి తెచ్చుకునే వడ్లే మాకు మళ్ళీ పంట దాకా తిండి.

మా ఊరి కోత ముఠాకు ఒక కట్టుబాటు ఉండేది. కొడవళ్ళు జతలుగా పోవాలి. జతలో ఒకరు కోస్తే ఒకరు కట్ట కడతారు. ఇద్దరికీ కలిపి ఒకే పాలు. ఒకరిని వెనక్కి పంపితే రెండోవాళ్ళూ వెనక్కి పోవలసిందే. ముఠా మేస్త్రీ మా అత్తకు వరసకు మరిది. ఆమె కొడవలి పట్టుకుని బయల్దేరడం చూసి నసిగాడు.

"వదినా, నీ వయసు చూసి ఆసాములు ఏమంటారో ఏమో. కోడల్ని ఇంకో పిల్లకు జత కడతాలే, నువ్వుండు."

"నా వయసు చూసేదానికి వాళ్ళేమన్నా నాకు సంబంధం చూస్తాండారా?" అంది అత్త.

మేస్త్రీ మా ఇద్దరినీ ఒక జతగా లెక్కపెట్టుకున్నాడు. మార్కాపురం దాకా నడిచి రైలెక్కాం. కురిచేడులో ఇంకో ముఠా ఎక్కింది, వాళ్ళ చేతుల్లోనూ కొడవళ్ళే. తెనాలి వైపు దిగి నడుస్తుంటే దారి పక్కన కాలువ కనిపించింది, ఒడ్డు నుంచి ఒడ్డుకు నీళ్ళు. అత్త చాలా దూరం దాని వైపే చూస్తూ నడిచింది.

"ఇది ఎవురిది?" అని అడిగింది చివరికి.

"ఎవురిదీ కాదు వదినా. కాలవ."

"మరి కాపలా ఎవురు?"

ముఠా అంతా పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను, కానీ నాకూ అదే సందేహం ఉంది.

మమ్మల్ని పనిలో పెట్టుకున్న ఆసామి పెద్ద రైతు. గొంతు పెద్దది, మనసు చెడ్డది కాదు. మధ్యాహ్నం మజ్జిగ పంపేవాడు. కోతలు మొదలైన నాలుగైదు రోజులు ఏ గొడవా లేదు. అత్త మెల్లగా కోసేది, ఆ వెలితి నేను పూడ్చేదాన్ని.

ఒకనాడు పొద్దు వాలేవేళ పని దిగాక, అత్త కాళ్ళు కడుక్కొస్తానని పక్క మడి వైపు పోయింది. ఎంతకూ రాలేదు. వచ్చేసరికి మోచేతుల దాకా బురద, ముఖం నిండా సంతోషం.

"ఏం మనుషులే వీళ్ళు! గట్టుకు గండి పడి నీళ్ళన్నీ మురుక్కాలవలోకి పోతాంటే చూసే దిక్కు లేదు. గట్టిగా పూడ్చొచ్చినా."

"మంచి పని చేసినావత్తా. ఆసామికి తెలిస్తే సంతోషపడతాడు," అన్నాను నేను.

వరి పండాక కోతకు ముందు మడిలో నీళ్ళు తీసేసి నేల ఆరనివ్వాలి. ఆ గండి ఆసామి స్వయంగా కొట్టించింది. ఈ సంగతి ఆ దేశంలో పాలు తాగే బిడ్డకు కూడా తెలుసు. మాకెలా తెలుస్తుంది? చేలో నీళ్ళు ఎక్కువై తీసి పారబోయవలసిన అవసరం మా వైపు ఎవరికీ రాలేదు.

తెల్లారేసరికి పై మళ్ళ నీళ్ళన్నీ దిగి ఆ మడిలో నిలిచాయి. కంకులు బరువుకు ఒరిగి నీళ్ళలో పడుకున్నాయి. ఆసామి కేకలు వేసుకుంటూ వచ్చాడు. "ఎవరు పూడ్చారు ఆ గండి?"

మెచ్చుకోవడానికి అడుగుతున్నాడనుకుంది మా పిచ్చి తల్లి. నవ్వుతూ ముందుకొచ్చి, "నేనే నాయనా," అంది.

"నీకేం పోయేకాలం వచ్చిందే ముసలిదానా? పండిన చేను ముంచేశావు గదే!" అని, మేస్త్రీ వైపు తిరిగాడు. "ఈమె ఇవాళ నా పొలంలో ఉండకూడదు. పంపించెయ్."

ఆమె పోతే నేనూ పోవాలి. కూలి వడ్లు కోతలన్నీ అయ్యాకగానీ కొలవరు. ఒట్టి చేతులతో ఇంటికి పోతే ఆ రాత్రి పొయ్యి మీదకు ఎక్కేది విత్తనాల జొన్నలే. అత్త నా వైపు తిరిగి, "నీళ్ళు పోతాంటే ఆపేది తప్పెట్ల అవుతాదే?" అంది. వాదానికి కాదు, నిజంగానే అర్థం కాక అడిగింది. పండిన చేను ఆరాలని ఆ గండి ఆయనే కొట్టించాడంట అని మేస్త్రీ నాతో గొణిగితే, అదే నేను ఆమె చెవిలో చెప్పాను. ఆమె ముఖం చిన్నబోయింది.

"పోతాం నాయనా. ముంచింది నేను గదా, ఈ మడి కోసిచ్చి పోతాం."

"ముందు ఆ గండి తియ్యి," అన్నాడు ఆసామి.

అత్త పార తీసుకుని గట్టు మీద నిలబడింది. ఎత్తింది, దించింది. మళ్ళీ ఎత్తింది. చెయ్యి ఆడలేదు. పార నాకిచ్చి, "నా వల్ల గాదే, నువ్వు తియ్యి," అని ముఖం పక్కకు తిప్పుకుంది. నేను తవ్వాను. నీళ్ళు చప్పుడు చేస్తూ పోతుంటే ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మొలిచిన కొర్ర చేను కళ్ళముందే మాడినప్పుడు కూడా ఏడవని మనిషి. ఆసామి చూస్తూనే ఉన్నాడు. మేస్త్రీ ఆయన పక్కన చేరి మా వాగు గురించీ, చెలమ గురించీ, చిప్పతో తోడే నీళ్ళ గురించీ మెల్లగా చెప్పడం నాకు వినబడింది.

పిక్కల దాకా బురదలో దిగి ఇద్దరం కోత మొదలుపెట్టాం. తడిసిన కంకులను విదిలించి గట్టు మీద పరుస్తూ పోయాం. మధ్యాహ్నానికి ముఠాలో ఆడవాళ్ళు ఒక్కొక్కరే తమ మళ్ళు అవగొట్టుకుని వచ్చి మాతో కలిశారు. "ముసల్దానికి నీళ్ళ పిచ్చి, మనకు చాకిరీ," అని సణుక్కుంటూనే కోశారు. పొద్దు దిగేసరికి మడి ఖాళీ అయింది. ఆసామి వచ్చి గట్లన్నీ తిరిగి చూశాడు. "ఉండండి. కోతలయ్యేదాకా ఉండండి," అని వెళ్ళిపోయాడు. నేను గట్టు మీద కూలబడ్డాను. ఆ మాటతో నాకు ప్రాణం లేచొచ్చింది.

కోతలయ్యాయి, నూర్పులయ్యాయి. కళ్ళంలో ఎవరి వడ్లు వాళ్ళకు కొలిచిచ్చి, ఆసామి మా అత్త దగ్గరికి వచ్చి నవ్వాడు.

"వచ్చే ఏడు కూడా నువ్వు రావాలమ్మా. గండ్ల సంగతి మాత్రం నాకొదిలెయ్."

అందరూ నవ్వారు. మేస్త్రీ ముఖం వెలిగిపోయింది. ఆసామే నోరు తెరిచి రమ్మనడం కంటే ముఠాకు కావలసిందేముంది? అత్త ఒక్కతే నవ్వలేదు.

"ఆ మాట అనబాక నాయనా," అంది. "మేం మళ్ళా వచ్చినామంటే మా ఊళ్ళో వాన పడలేదనే గదా."

మేస్త్రీ గాభరాగా ఆమె చెయ్యి పట్టుకున్నాడు. నాకు మాత్రం ఆ బక్క మనిషిని అందరి ముందూ కావలించుకోవాలనిపించింది. ఆసామి నవ్వు ఆగిపోయింది. కాసేపు మా మూటల వైపూ మా వైపూ చూశాడు.

"అయితే రావద్దులే అమ్మా," అన్నాడు.

వడ్లు కొలిచినప్పుడు పెట్టని దణ్ణం మా అత్త అప్పుడు పెట్టింది.