పుష్పమ్మ కాళ్లు నేలకందే బండి

పుష్పమ్మ జీవితంలో చెప్పుకోదగ్గ మొదటి గెలుపు మోటారు సైకిలు లైసెన్సు. రెండుసార్లు పరీక్ష తప్పింది. బండి పెద్దది, ఆమె పొట్టి మనిషి. ఆపిన ప్రతిసారీ కాలు నేలకందక పక్కకు ఒరిగిపోయేది. మూడోసారి మిషన్ ఆస్పత్రివాళ్లు పల్లెల తిరుగుడుకు వాడే చిన్న మోటారు సైకిలు అడిగి తీసుకుపోయింది. తెల్లచీర గోచీ పోసి కట్టి, ఎనిమిది అంకె మీద కాలు దించకుండా తిప్పి చూపించింది. పెద్దమండ్యం పక్క పల్లెలో కూలి చేసుకునే ఇంట పుట్టిన పిల్ల. ఆ ఇంట్లో అంతకు ముందు సైకిలు కూడా లేదు.

మిగతా గెలుపులు దాని వెంటే వచ్చాయి. నర్సుగా ఆ చిన్న బండి మీదనే ఊళ్లు తిరిగింది. వంకలు పారుతున్నా కాన్పులకు వేళకు చేరింది. తల్లికి మిద్దె కట్టించింది. కూతురు మెర్సీని టీచరును చేసింది. రిటైరైననాడు మదనపల్లె చర్చి సంఘమంతా లేచి నిలబడితే శాలువా కప్పించుకుంది. ఇవేవీ ఊరికే వచ్చినవి కావు.

ఆ బండి మటుకు ఏనాడో పాత ఇనుముకు పోయింది. తర్వాత వచ్చిన ఏ బండి మీద కూర్చున్నా కాళ్లు గాలిలోనే.

అంగళ్లు ఇంజనీరింగు కాలేజీలో పనిచేసే అల్లుడు సుకుమార్ ఒకనాడు సెల్లులో ఒక ఫోటో చూపించాడు. ఆ పాత చిన్న బండినే అచ్చు గుద్దినట్టు ఎవరో కొత్తగా చేసి అమ్ముతున్నారు. అదే గుండ్రటి దీపం, అదే బోర్లించిన చెంబులాంటి ట్యాంకు, అదే పొట్టి సీటు. లోపలి ఇంజను మాత్రం ఈ కాలానిది. స్కూటరు ధరకే వస్తుందట. అతను సరదాకు చూపించాడు. ఆమె సరదాకు చూడలేదు. నెల తిరక్కముందే బండి వాకిట్లోకి వచ్చింది.

"అత్తా, ఇది బండా, బొమ్మా?" అన్నాడు సుకుమార్.

"బొమ్మయితే నువ్వు యాల భయపడతాండావప్పా?" అంది పుష్పమ్మ, సీటు మీద కూర్చుని రెండు పాదాలూ నేలకు ఆనించి చూసుకుంటూ.

మెర్సీకి మాత్రం నవ్వు రాలేదు. పోయిన ఏడాది చర్చి మెట్ల మీద జారి తల్లి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఇప్పుడేమో బండి మీద కుప్పం పోతానంటుంది. కుప్పంలో వెంకటరత్నమ్మ ఉంది. నర్సు చదువులో జత. అప్పట్లో పుష్పమ్మ వెనక సీటులో మందుల పెట్టె ఒళ్లో పెట్టుకుని ఊళ్లు తిరిగిన మనిషి. తుంటి విరిగి మంచాన ఉంది. నా బండి మీదనే వచ్చి చూస్తానని పుష్పమ్మ ఫోనులో మాట ఇచ్చేసింది. బస్సులో పోతే ఆ మాట నిలిచినట్టు కాదు.

చివరికి మెర్సీ ఒక షరతు పెట్టింది. "ముందు పుంగనూరు దాకా ఒక్కదానివే పోయి రామ్మా. నడుమ ఎవరికన్నా ఫోను చేసినావంటే, తాళం ఇంక నా కాడనే ఉంటాది."

శనివారం పొద్దున పాస్టరు వచ్చి బండి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. పుష్పమ్మ బయలుదేరింది. బండి పరుగు మెత్తగా ఉంది, కానీ ఏదో తక్కువైంది. పొగ లేదు, ఆ వాసన లేదు. అప్పుడు గుర్తొచ్చింది, పెట్రోలులో నూనె కలపలేదని. పాత బండికి పెట్రోలుతో నూనె కలిపి పోయకపోతే ఇంజను పట్టేసేది. ఆస్పత్రి బండి చేతికిచ్చినప్పుడు నేర్పిన మొదటి పాఠం అది. దారిలో ఒక దుకాణం ముందు ఆపి నూనె డబ్బా కొనింది. పక్కన బంకులో ట్యాంకు నింపించి, డబ్బా మూతతో కొలిచి కొలిచి పోసింది. బంకు మనిషి ఏదో అనబోయాడు. ఆమె చేతి ఒడుపు చూసి ఊరకుండిపోయాడు.

కొంత దూరం పోయాక వెనక నీలంగా పొగ లేచింది. పుష్పమ్మ గుండెలనిండా పీల్చుకుంది. ఆ సంతోషం పుంగనూరు ఇళ్లు కనిపించేదాకే. బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

ఎంత తన్నినా లేవలేదు. సంచిలో ఫోను ఉంది. తీస్తే కుప్పం లేదు, బండీ లేదు. చీర కుచ్చెళ్లు దోపుకుని తోసింది. పెద్ద బండి అయివుంటే అక్కడే కూలబడేది. ఇది చిన్నది గనుక కదిలింది. ఊరి మొదట్లో మెకానిక్ రాజేంద్ర ప్లగ్గు ఊడదీసి అరచేతిలో పెట్టుకున్నాడు. బొగ్గులాగా నల్లగా ఉంది. దాన్ని చూడగానే ఆమె తల పట్టుకుంది.

"చెప్పొద్దులేప్పా. నూనె పోసింది నేనే."

"ఈ బండికి నూనె వేరేగా ఇంజనులోనే ఉంటాది కదమ్మా," అన్నాడతను నవ్వు ఆపుకుంటూ. "మా నాయన బతికుంటే ఆయనా పోసుండును."

ట్యాంకు కడిగి, కొత్త ప్లగ్గు వేసి ఇచ్చాడు. పొద్దుగూకేలోగా ఆమె ఇల్లు చేరింది. ఫోను చేయలేదు; ఎవరికీ ఏమీ తెలియదు. గెలిచినట్టే. నీళ్ల చెంబు అందిస్తూ మెర్సీ చటుక్కున ఆగింది. చీర కొంగు పట్టుకుని వాసన చూసింది. చిన్నప్పుడు అమ్మ కోసం వాకిట్లో కాచుకున్న సాయంత్రాల్లో, మనిషి కంటే ముందు ఇంట్లోకి వచ్చిన వాసన అది.

"ఏమయిందిమా?"

పుష్పమ్మ దాచలేదు. నూనె సంగతి, తోసిన సంగతి అంతా చెప్పి, తాళం తీసి చాప మీద పెట్టింది. "పెట్టుకో. తప్పు నాదే."

మెర్సీ లేచి, పిల్లల పుస్తకాలకు అంటించే తెల్ల కాగితం ముక్క మీద పెద్ద అక్షరాలతో 'ఉత్త పెట్రోలే' అని రాసి ట్యాంకు మూత మీద అంటించింది.

"ఫోను చేయకూడదంటిని గదా, నువ్వు చేయలేదు," అంది. "రామకుప్పం కాడ ఏనుగులు దాటతాయంట. ఎండ ఉండంగానే ఆ దారి దాటుకో."

పద్నాలుగో తేదీ తెల్లవారగానే పుష్పమ్మ కుప్పం బయలుదేరింది. వెనక సీటుకు కట్టిన సంచిలో వెంకటరత్నమ్మకు రాగి మురుకులు, ఒక కొత్త చీర. ఆదివారం ఇద్దరూ కలిసి ఆరాధన చేసుకుంటారు. మెర్సీ గోడ మీది క్యాలెండరులో తల్లి తిరిగొచ్చే రోజు చుట్టూ గుండ్రంగా గీత గీసి, సాయంత్రం కాలేజీ నుంచి తొందరగా రావాలని సుకుమార్‌కు చెప్పింది: నవంబరు పదిహేడు, సోమవారం.