ఒంటి కమ్మ

కంసాలి ఇంటికి దారి అడిగినవాళ్ళకు ఆ వీధిలో ఎవరూ మలుపులు చెప్పేవారు కాదు. "దగ్గు వినిపించే గుమ్మం దగ్గర ఆగండి" అనేవారు.

ముందుగదిలో కిటికీ కింద ఆయన పీట. ఎదురుగా బొగ్గుదిమ్మ, నూనె దీపం, చేతికందేలా ఇత్తడి ఊదుగొట్టం. కొత్త దుకాణాల్లో అతుకులన్నీ గ్యాస్ మంటతోనే వేస్తున్నారు గాని ఆయనకు అది రుచించలేదు. గొట్టం పెదవుల మధ్య పెట్టుకుని, బుగ్గలు పూరించి, దీపం మంటను సూదిమొనలా సాగదీసి అతుకు మీదికి పంపేవాడు. "దేవుడిచ్చిన గాలి, ఇంతకన్నా మంచి సరుకు ఏ కొట్లో దొరుకుతుంది?" అని మురిసిపోయేవాడు.

ఆ గాలినే రోజంతా పొగతో నింపేవాడు. వాళ్ళ నాన్న దగ్గర పనితోపాటు అంటిన అలవాటది: అతుకు పడితే ఒక సిగరెట్టు. అదీ ఆ దీపం మంటకే ముట్టించాలి. పని జోరుగా ఉన్న రోజు పొగా జోరే. నాన్న అరవై చూడలేదు, అన్నా చూడలేదు. ఇద్దరూ పటాలై గోడెక్కారు. "మా ఇంట్లో మగాళ్ళకి అరవై రాసిపెట్టి లేదులే" అనేవాడు కంసాలి, తాతలనాటి ఆస్తి సంగతి చెబుతున్నట్టు.

ఇంకో ఏడాదిలో ఆయనకు అరవై నిండుతాయనగా భార్య చెవికమ్మ కాడ ఊడింది. పెళ్ళయిన కొత్తలో ఆయన చేతులారా చేసిన కమ్మలవి, పువ్వు రేకులు వెంట్రుకంత పలచన. కమ్మను దిమ్మ మీద పెట్టి, అతుకు పట్టేందుకు వెలిగారం రాసి, టంకం ముక్క ఆనించి, ఊదడం మొదలుపెట్టాడు. టంకం కరగబోయే క్షణాన దగ్గు తన్నుకొచ్చింది. మంట ఎగిరి పక్కకు పడింది. చూస్తూండగానే ఒక రేకు కరిగి బంగారపు బొట్టయింది.

ఆయన ఊదుగొట్టం దించి పక్కన పెట్టాడు.

"గ్యాస్ మంటతో అతికే కొట్టుకి పంపిద్దాం. నా వల్ల కాదే" అన్నాడు.

భార్య ఆ కమ్మను చీరకొంగులో ముడేసుకుంది. "ఇది మీ ఊపిరితో పుట్టింది. అతికితే మీ ఊపిరితోనే అతకాలి."

"రాకపోతే?"

"ఈ చెవి ఇలాగే ఉంటుంది."

అన్నంత పనీ చేసింది. రెండో కమ్మ తియ్యకుండా, ఒక చెవి బోసిగా పెట్టుకునే కూరగాయలకు వెళ్ళింది, చుట్టాలింటికి వెళ్ళింది, దేవుడి ముందు దీపం పెట్టింది. ఎదురు కొట్టు మంగలికి నోరూరుకోదు. "ఒంటికమ్మమ్మగారూ, మా బావ రెండోది తాకట్టు పెట్టాడా ఏంటి?" అన్నాడు.

"తాకట్టులో ఉన్నది ఆయన ఊపిరి, అన్నయ్యా. విడిపించుకొస్తానన్నారు" అందామె. లోపల పీట మీద కంసాలికి ఆ మాట వినబడింది. తనెప్పుడూ అనలేదు. అయినా కాదని బయటికొచ్చి చెప్పబుద్ధి కాలేదు.

మర్నాడు ఆస్పత్రికి తనే బయలుదేరాడు. డాక్టరమ్మ ఆయన ఛాతీ మీద వినే గొట్టం పెట్టి ఓపిగ్గా విన్నది. "పోయిందంతా తిరిగి రాదు పెద్దాయనా. ఇవాళ మానితే ఉన్నది నిలుస్తుంది, కొంత కోలుకుంటుంది. కూర్చునే పని కదా, రోజూ నడవండి కూడా."

"నాకు అరవై రాసిపెట్టి లేదమ్మా."

"రాసింది ఎవరో గాని, పొగ పీల్చింది మాత్రం మీరే" అందామె నవ్వుతూ.

మానడం మాటలు కాదు. అతుకు పడగానే చెయ్యి తనంతట తనే జేబులోకి పోయేది. అది చూసి భార్య ఒక ఉపాయం చెప్పింది: అతుకు పడితే ఒక బిందె. మేడ మీద కుట్టుపని చేసుకునే పిన్నికి మోకాళ్ళ నొప్పులు, మెట్లు దిగలేదు. కింద కుళాయి నీళ్ళు ఆమెకు చేర్చాలి. మొదట్లో కంసాలి మెట్ల మధ్య కూలబడి ఆయాసపడేవాడు. "నీళ్ళు తెచ్చావా నాయనా, నీకే పట్టమంటావా?" అని పిన్ని పైనుంచి అడిగేది. మంగలి కూడా తన సిగరెట్టు మానేశాడు. ఎందుకని ఎవరికీ చెప్పలేదు. పొద్దున్నే కొట్టు తియ్యకముందు వచ్చి, "బావా, కాళ్ళు తుప్పు పడుతున్నాయి, తోడు రా" అని నడకకు లాక్కుపోయేవాడు.

ఒకసారి మాత్రం కంసాలి జారాడు. అతుకు బాగా కుదిరిన సంబరంలో, ఎవరో మరిచిపోయిన సిగరెట్టు తీసి దీపానికి ఆనించాడు. భార్య గుమ్మంలోకి వచ్చింది.

"ఇదొక్కటేనే" అన్నాడు.

ఆమె ముఖం కొంచెం తిప్పి, బోసి చెవిని ఆయనవైపు పెట్టి నిలబడింది. సిగరెట్టు బొగ్గుదిమ్మ మీద నలిగిపోయింది. కంసాలి బిందె అందుకున్నాడు.

వానలు వచ్చి వెళ్ళాయి. బిందెతో మెట్లెక్కేటప్పుడు ఆగడం ఎప్పుడు మానేశాడో ఆయనకే తెలియదు. పిన్నే చెప్పింది: "ఇప్పుడు నువ్వొచ్చేది వినపడ్డం లేదు నాయనా, ఉలిక్కిపడుతున్నా."

అరవై నిండిన ఉదయం దేవుడికి దణ్ణం పెట్టుకుని, పీట మీద కూర్చుని చెయ్యి చాపాడు. భార్య కొంగుముడి విప్పి కమ్మ ఇచ్చింది. మంగలి వీధిలోంచే చూస్తూ, గడ్డానికి నురగ పూసిన మనిషిని అలాగే వదిలేశాడు.

కంసాలి గొట్టం అందుకున్నాడు. మంట వంగింది, సన్నబడింది, సూదిమొనై అతుకు మీద నిలిచింది. ముక్కుతో గాలి తీస్తూ, బుగ్గల్లోంచి వదులుతూ, ఎక్కడా తెగకుండా ఊదాడు. టంకం మిలమిలా మెరిసి అతుకులోకి ఇంకిపోయింది. గొట్టం దించి, దగ్గు కోసం ఎదురుచూశాడు. రాలేదు. గోడ మీది పటాలవైపు ఒకసారి చూసి, కళ్ళు తుడుచుకున్నాడు.

"ఆ కరిగిన రేకు కూడా కొత్తది వేస్తానే."

"వద్దు, ఉండనివ్వండి. పోయింది పోయిందని డాక్టరమ్మ చెప్పింది కదా. ఉన్నది నిలిచింది, చాలు."

మంగలి కొట్లోని అద్దం పట్టుకుని పరుగున వచ్చాడు. ఆమె రెండు చెవులూ చూసుకుంది.

"మరి ఇకనుంచి మిమ్మల్ని ఏమని పిలవాలమ్మా?" అన్నాడు దిగులు నటిస్తూ.

"నన్నెందుకు పిలవడం? అదుగో, మీ బావని పిలవండి. అతుకు పడింది, బిందె ఖాళీగా ఉంది."

కంసాలి అప్పటికే బిందె నింపుకుని మెట్ల మీద ఉన్నాడు, ఏదో భజన పాడుకుంటూ. ఒక్క చరణం కూడా మధ్యలో తెగలేదు.