బావను గెలిచిన వారం

నేను సిద్దిపేటలో ఫ్లెక్సీలు డిజైన్ చేస్తాను. పెళ్లి, పుట్టినరోజు, వర్ధంతి, గృహప్రవేశం, ఏదైనా నా పని ఒకటే: ఎవరి ఫొటో ఎంత పెద్దగా ఉండాలో చూసుకోవడం. పెద్దనాన్న తల చిన్నాన్న తలకంటే వేలెడు చిన్నగా పడిందని అచ్చయిన ఫ్లెక్సీని చుట్టచుట్టి వెనక్కి తెచ్చినవాళ్లున్నారు. పదేళ్లుగా ఈ పని చేస్తూ కూడా, ఇంటి అల్లుడిని నలుగురిలో గెలవకూడదని నాకు తట్టకపోవడం నా ఖర్మ.

ఆ ఆదివారం మా పాప పుట్టువెంట్రుకలు. గుట్ట మీది గుడికి పోయి వచ్చి, దావతు ముగించి, మగవాళ్లంతా మా హాల్లో కాళ్లు చాపారు. టీవీ కింద నా వీడియో గేమ్ డబ్బా ఉంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నది, నాకున్న ఒకే ఒక్క వ్యసనం. మా అక్క భర్త, గజ్వేల్ బావ, దాన్ని చూసి, "ఏంది బామ్మర్ది, గీ పిల్లల ఆటలు ఇంక ఇడువలేదా? పెట్టు, ఒక మ్యాచ్ ఆడుదాం" అన్నాడు.

క్రికెట్ పెట్టాను. బావ పదకొండు పరుగులకు ఆలౌట్ అయ్యాడు. నేను రెండు సిక్సర్లు కొట్టి ముగించాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. అంతవరకైతే సర్దుకునేదే. కానీ మా బాపు పకపకా నవ్వాడు, తన మామ అలా నవ్వడం బావ చూశాడు. లేచి చెప్పులేసుకుని, అక్కనూ పిల్లలనూ కారెక్కించాడు. మా అమ్మను మేం అవ్వ అంటాం; ఆమె టిఫిన్‌లో సర్దిన మాంసం కూర మెట్ల మీదే మిగిలింది.

సోమవారం పొద్దున్నే అక్క ఫోన్ చేసింది. "తమ్మీ, వచ్చే ఐతారం ఒడిబియ్యానికి రానంటుండు. నన్ను గూడ పంపడట."

ఒడిబియ్యమంటే, ఆడబిడ్డను పుట్టింటికి పిలిచి, కొత్త చీర పెట్టి, భర్త పక్కన పీట మీద కూర్చోబెట్టి ఒళ్లో పసుపు బియ్యం పోస్తాం. మా ఇంట్లో పోయినసారి పోసినప్పటి నుంచి లెక్కేసి బేసి ఏట్లోనే పోయాలి. మూడో ఏట తాత పోయి ఆగిపోయింది. ఈ ఐదో ఏడూ తప్పితే మళ్లీ ఏడో ఏడే. అక్క మమ్మల్ని ఎన్నడూ ఏదీ అడగదు. ఇదొక్కటే అడిగింది, అదీ నెల ముందే, చీర రంగు కూడా చెప్పి. ఫోన్‌లో ఆమె గొంతు వింటే నాకు దిగులేసింది.

షాపులో ఒకాయన గృహప్రవేశం ఫ్లెక్సీ, ముప్పై ఆరు ముఖాలు. నేను ఒక్కో తలా కత్తిరిస్తుంటే అవ్వ ఫోను మీద ఫోను. "గా డబ్బ ఎందుకు తెచ్చినవ్‌రా ఇంట్లకు? ఓడిపోతె నీ సొమ్మేం పోయేది?"

నాకు ఒళ్లు మండింది. నలభై ఏళ్లవాడు టీవీలో ఆటకు అలిగితే తప్పు నాదా? ఇంటికి పోయి బాపుతో అదే అన్నాను. నవ్వింది తనేనన్న సంగతి బాపు ఎప్పుడో మరిచిపోయాడు. "పోయి మళ్ల ఆడు. ఓడిపోయి రా. గంతే" అన్నాడు.

"ఫోన్ల సారీ చెప్త."

"ఫోన్ల అయ్యేదైతె ఇంటింటికి తిరిగి బొట్టువెట్టి ఎందుకు పిలుస్తరు రా?"

బుధవారం ఒక పూట సెలవు పెట్టాను. ఓనరు మొహం మాడ్చుకున్నాడు. డబ్బాను పాప దుప్పట్లో చుట్టి, బ్యాగులో పెట్టుకుని గజ్వేల్ బస్సెక్కాను. దారి పొడుగునా నిలబడే పోయాను. బావ తలుపు తీసి, బ్యాగు వైపు చూసి, టీవీ ముందు కుర్చీ లాగాడు.

బావ చేతిలో ఓడిపోవడం ఎంత కష్టమో ఆడితే గాని తెలియదు. మెల్లగా ఫుల్‌టాస్ వేస్తే బౌల్డయ్యాడు. పోనీ అని వైడ్ వేస్తే ముందుకు ఉరికి స్టంపవుటయ్యాడు. చచ్చీ చెడీ ఇరవై దాటించాను. నా బ్యాటింగ్‌లో లేని పరుగులకు ఉరికి ఉరికి పదిమందినీ రనౌట్ చేసుకున్నాను. అక్క చాయ్ గ్లాసులు పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది.

బావ మొహం చాటంతయింది. "ఆ దినం మీ టీవీ సక్కగ లేకుండె బామ్మర్ది."

"అవును బావా, పాతదైంది" అన్నాను. పోయిన దసరాకే కొన్నాను ఆ టీవీ.

"ఐతారం పొద్దుగాలనే వస్తం. తలకాయకూర వండుమను."

తిరిగి వచ్చేసరికి షాపులో ముప్పై ఆరు ముఖాల ఫ్లెక్సీ వెనక్కి వచ్చి ఉంది. ఆయన అల్లుడి ఫొటో కింది వరసలో పడిందట. శనివారం దాకా దాన్నే దిద్దుతూ, మనసులో బావనూ బాపునూ ఈ లోకంలోని అల్లుళ్లందరినీ తిట్టుకున్నాను.

ఆదివారం వాళ్లు వచ్చారు. అక్క ఆకుపచ్చ చీరలో పీట మీద కూర్చుంది, పక్కన బావ కొత్త బట్టల్లో. అవ్వ తర్వాత నా వంతు. వంగి దోసిలితో బియ్యం పోస్తుంటే అక్క తలెత్తకుండా, నాకొక్కడికే వినపడేలా అంది: "బుధవారం మంచిగ ఓడిపోయినవ్ తమ్మీ."

"నీకెట్ల తెలిసె?"

"నాకు తెల్వదా? పన్నెండేండ్ల సంది ఆ ఇంట్ల నేను చేసేది గదే."

నా చేతులు ఆగిపోయాయి. ఒక్క పూట ఓడిపోయినందుకు నేను వారమంతా ఊరందరినీ తిట్టాను. అక్క ఒక్కరోజు కూడా మాతో అనలేదు, మేమూ ఎప్పుడూ అడగలేదు.

"ఏమైంది బామ్మర్ది, జల్ది పొయ్యి, ఆకలైతుంది" అన్నాడు బావ. అక్క కొంగు ఇంకొంచెం పరిచి పట్టింది. మిగిలిన బియ్యం పోశాను.