పర్చూరు స్ట్రెయిన్

1984 ఫిబ్రవరిలో నన్ను చీరాల దగ్గర ఒక ట్రస్టు ఆసుపత్రిలో రీసెర్చ్ ఆఫీసరుగా వేశారు. పొగాకు వ్యాపారులు పుణ్యానికీ ఇన్‌కంటాక్సుకీ కలిపి కట్టించిన ఆసుపత్రి అది. పేరు చెప్పను. చెప్పినా వెతికి లాభం లేదు, ఇప్పుడక్కడ కల్యాణమండపం నడుస్తోంది. కాగితం మీద నా ఉద్యోగం ఘనంగానే ఉండేది. ఎం.డి. చదివినవాణ్ని కాబట్టి వార్డులో టైఫాయిడ్ రోగులను చూడాలి, వాళ్ళ రక్తం లేబొరేటరీకి పంపించాలి, ఈ ప్రాంతపు క్రిమికి ఏ యాంటీబయాటిక్ పనిచేస్తోందో తేల్చాలి. నా పైన ఒకే ఒక్క అధికారి, డైరెక్టరుగారు. లేబొరేటరీ ఆయనది, మందుల బీరువా తాళంచెవి ఆయనది, ఏ రోగికి ఏ మందు ఇవ్వాలన్న నిర్ణయమూ ఆయనదే. నాకు మిగిలింది స్టెతస్కోపు.

డైరెక్టరుగారు ఇంగ్లండులో రెండేళ్ళు ఉండి వచ్చారు. ఆ రెండేళ్ళ గురించి చెప్పుకోవడానికి ఆయనకు మిగతా సర్వీసు చాల్లేదు. పెద్ద సభలో ఒక్క పేపరైనా చదివి రిటైరవ్వాలని ఆయన కోరిక. మామూలు టైఫాయిడ్ మామూలు మందుకు తగ్గిపోతోందని చదివితే ఎవరూ చప్పట్లు కొట్టరు. అందుకని మా రోగులు మామూలుగా కోలుకుంటున్న ఆ మొదటి రోజుల్లో ఆయన మొహం వాడిపోయి ఉండేది.

అప్పటి పద్ధతి ఇది. నర్సు రోగి చేతిని లోషన్‌లో నానిన దూదితో తుడిచి, సిరంజితో రక్తం తీసి, పైత్యరసం కలిపిన ద్రవం ఉన్న సీసాలో పోస్తుంది. సీసాను వెచ్చగా ఉంచితే రక్తంలో ఉన్న క్రిమి అందులో పెరుగుతుంది. దాన్ని గాజు పళ్ళెంలో జెల్లీ మీద పులిమి, పైన మందు పట్టించిన చిన్న కాగితపు బిళ్ళలు పెడతారు. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ క్రిమి లేకుండా గుండ్రంగా ఖాళీ ఏర్పడుతుంది, దానికి ఎస్ అని రాస్తాం. పనిచేయకపోతే క్రిమి బిళ్ళ అంచుదాకా పెరుగుతుంది, దానికి ఆర్ అని రాస్తాం. ఆర్ అంటే రెసిస్టెంట్, ఆ మందుకు లొంగనిది అని. టైఫాయిడ్‌కు మేం వాడే మందు క్లోరాంఫెనికాల్. పల్లెల్లో ఆర్ఎంపీల సంచుల్లో కూడా దొరికే క్యాప్సూల్ అది.

మార్చిలో మా పళ్ళేలన్నీ ఒక్కసారిగా ఆర్ చూపించడం మొదలుపెట్టాయి. క్లోరాంఫెనికాల్‌కు ఆర్. ఆంపిసిలిన్‌కు ఆర్. పెట్టిన ప్రతి బిళ్ళకూ ఆర్. ఊళ్ళో ఎవరికైనా ఈ కబురు చెబితే గుండెలు బాదుకుంటారు. డైరెక్టరుగారు మాత్రం ఆ పూట స్టాఫ్ అందరికీ కాఫీ తెప్పించారు.

ఒక చిన్న చిక్కు ఉంది. నిజమైన టైఫాయిడ్ క్రిమిని ఆ పరీక్షకోసమే తయారుచేసిన సీరం చుక్కలో కలిపితే పాలు విరిగినట్టు ముద్దలు కడుతుంది. మా క్రిమి కట్టలేదు. మామూలువాడైతే ఇది టైఫాయిడ్ కాదేమో అనుకుంటాడు. ఇంగ్లండు వెళ్ళొచ్చినవారు కాబట్టి డైరెక్టరుగారు ఇది కొత్తరకం టైఫాయిడ్ అనుకున్నారు. మొదట దొరికిన రోగిది పర్చూరు పక్క పల్లె కావడంతో పర్చూరు స్ట్రెయిన్ అని నామకరణం కూడా చేశారు. గుంటూరు లేబొరేటరీకి పంపించి ఒకసారి సరిచూపిద్దామన్నాను. వాళ్ళ చేతికిస్తే వాళ్ళ పేరు పెట్టుకుంటారని అడ్డం తిరిగారు.

ఆ మొదటి రోగి నాగేంద్రమ్మ. నాలుగెకరాల మిరప, రెండెకరాల పత్తి ఉన్న ఇంటి ఇల్లాలు. క్లోరాంఫెనికాల్ ఇచ్చి చూద్దామంటే డైరెక్టరుగారు, ఆర్ అని కళ్ళెదుట కనిపిస్తుంటే ఇవ్వడం వైద్యం కాదు, ఆర్ఎంపీతనం అన్నారు. మద్రాసు నుంచి కొత్త ఇంజెక్షన్ తెప్పిస్తున్నామని, అది వచ్చేదాకా గ్లూకోజు ఎక్కించి, తడిగుడ్డ వేయమని ఉత్తర్వు. మద్రాసు ఇంజెక్షన్ రేపొస్తుందని ఆయన రోజూ చెప్పేవారు. అదే వార్డులో వాడరేవు నుంచి వచ్చిన పోలయ్య అనే జాలరికీ అదే జ్వరం, అదే ఆర్, అదే గ్లూకోజు. వాడరేవు ఎండలో వల లాగే మనిషి మంచం మీద లేచి కూర్చోలేకపోయేవాడు. భార్య అంకమ్మ చేపల బుట్ట ఇంట్లో పెట్టేసి వచ్చి మంచం దగ్గరే ఉండేది.

నాగేంద్రమ్మ భర్త ఆంజనేయులు కొన్నాళ్ళు ఓపిక పట్టాడు. తర్వాత నా గదికొచ్చి నిలబడ్డాడు.

"మందు లేదని మీరే అంటున్నారు గదండీ. లేనిదానికోసం ఇక్కడ పడుండటం దేనికి? ఇంటికి తీసుకుపోతానండీ."

డాక్టరు సలహాకు వ్యతిరేకంగా తీసుకువెళ్తున్నాడని రాయించుకుని పంపించేశాం. ఆమె బతుకుతుందని నేను అనుకోలేదు. నాకు చాలా బాధ కలిగింది.

ఏప్రిల్‌లో డైరెక్టరుగారి పేపరు ఒక రూపానికొచ్చింది. ఢిల్లీ సభలో చదవడానికి పిలుపూ వచ్చింది. అయితే పట్టికలో నాగేంద్రమ్మ పేరెదురుగా ఫలితం గడి ఖాళీగా ఉండటం ఆయనకు కంట్లో నలుసైంది. ఆవిడ ఏ రోజు పోయిందో కనుక్కుని రమ్మని ఆసుపత్రి జీపు ఇచ్చి మరీ పంపించారు. మద్రాసు ఇంజెక్షన్ కోసం మాత్రం ఆ జీపు ఎన్నడూ కదల్లేదు.

ఆ పల్లెలో పొలాల పక్కన కళ్ళాలన్నీ ఎర్రగా మిరపకాయలు పరిచి ఉన్నాయి. జీపు దిగీ దిగకముందే నాకు తుమ్ములు మొదలయ్యాయి. ఇల్లెక్కడని అడిగితే కళ్ళంలోకే చెయ్యి చూపించారు. ఏ కర్మకాండో జరుగుతోందనుకుని తలొంచుకుని వెళ్ళాను. నాగేంద్రమ్మ గొడుగు నీడలో కూర్చుని రంగు చెడిన తాలుకాయలు ఏరుతోంది. మనిషి చిక్కింది, జుట్టు కాస్త రాలింది, గొంతు మాత్రం తగ్గలేదు.

"నేను చచ్చానో లేదో చూట్టానికొచ్చారా డాక్టరుగారూ?"

నేను నోరు తెరిచేలోపు మళ్ళీ తుమ్మొచ్చింది. అది నా అదృష్టం.

విషయమేమిటంటే, ఇంటికి రాగానే ఊరి ఆర్ఎంపీ తన సంచిలో ఉన్న గొట్టం మాత్రలు పూటపూటకీ వేశాడు. అవి మా పళ్ళెంలో ఆర్ అని తేలిన క్లోరాంఫెనికాల్ క్యాప్సూళ్ళే. వారం తిరక్కుండా జ్వరం దిగింది. ఆ ఆర్ఎంపీని పిలిపించి ఏం చూసి ఇచ్చావయ్యా అని అడిగాను. తన దగ్గర ఉన్నవి అవేనన్నాడు. జ్వరానికీ దగ్గుకీ కూడా ఆయన అవే ఇస్తాడట. ఆయనకు గొప్ప పరిజ్ఞానమేమీ లేదు. మా పళ్ళెం చూడలేదు, అంతే.

జ్వరం దిగగానే ఆంజనేయులు మిగిలిన మాత్రలు దాచిపెట్టాడు. ఇంకోసారికి పనికొస్తాయట. పత్తిలో కూడా పురుగు రాలగానే మందు కొట్టడం ఆపేస్తాం గదండీ అన్నాడు. అలా ఆపితేనే మిగిలిన పురుగు మందుకు అలవాటుపడుతుందని చెప్పి, మిగతావి నా ముందే ఆమె చేతికి ఇప్పించి జీపెక్కాను.

తిరిగి రాగానే పోలయ్య కేస్‌షీట్‌లో క్లోరాంఫెనికాల్ రాశాను. జ్వరం మూడోవారంలో ఉంది. టైఫాయిడ్‌లో పేగుకు రంధ్రం పడేది అప్పుడే. మర్నాడు ఉదయం డైరెక్టరుగారు రౌండ్స్‌లో దాన్ని కొట్టేశారు. నాగేంద్రమ్మ బతికిన సంగతి చెబితే, ఆ పల్లెటూరి ఆవిడకి అసలు టైఫాయిడ్ వచ్చి ఉండదన్నారు.

"ఆమెకు టైఫాయిడే కాకపోతే, ఆమె రక్తంలోంచి మనం తీసిన క్రిమి ఎవరిది సార్?" అన్నాను.

ఆయన నా హోదా నాకు గుర్తుచేశారు. బీరువా ఎలాగూ తెరవరు కనుక ఎదురుగా ఉన్న మందుల షాపులో క్యాప్సూళ్ళు కొని అంకమ్మ చేతిలో పెట్టి, ఎవరు వద్దన్నా ఆపకుండా వేయమన్నాను. ఆమె ఎందుకని అడక్కుండా కొంగున ముడేసుకుంది.

డైరెక్టరుగారి దగ్గరికి ఇంకో దారిలో వెళ్ళాను. ఆరోగ్యవంతుడి రక్తం కూడా పరీక్షించి పక్కన చూపిస్తే పేపరుకు నిండుదనం వస్తుందని, ఆ మనిషి తమరే అయితే ఇంకా బాగుంటుందని చెప్పాను. ఆయన చొక్కా చెయ్యి మడిచారు. వార్డు నర్సే రోజూ వాడే లోషన్ దూదితో తుడిచి రక్తం తీసింది.

పళ్ళెం సిద్ధమైన రోజు పొద్దున్నే వెళ్ళి చూశాను. డైరెక్టరుగారి రక్తంలో పర్చూరు స్ట్రెయిన్ ఏపుగా పెరిగింది. అన్ని మందులకూ ఆర్. అంటే రెండు పూటలా కందిపొడితో భోంచేసి, సాయంత్రం షటిల్ ఆడే ఈ పెద్దమనిషి ప్రాణాంతక టైఫాయిడ్‌తో తీసుకుంటున్నాడన్నమాట. పళ్ళెం తీసుకెళ్ళి బల్లమీద పెట్టాను. ఆయన దాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి చూశారు.

"చూశావా డాక్టరూ, నేను వాహకుణ్ని" అన్నారు. జబ్బు పడకుండా క్రిమిని మోసేవాణ్ని వాహకుడంటారు. ఆయన గొంతులో గర్వం స్పష్టంగా ఉంది.

నేనింకా ఆ గదిలో ఉండగానే వార్డు నుంచి పిలుపొచ్చింది. పోలయ్య కడుపు చెక్కలా బిగిసిపోయింది. పేగు చిల్లుపడిందని చెయ్యి వేయగానే తెలిసింది. నేనిచ్చిన మందు రెండు వారాలు ఆలస్యంగా చేరింది. అదే జీపులో గుంటూరు పంపించాం. సర్జన్లు ఆపరేషన్ చేశారు. ఆ రాత్రి దాటలేదు. ఆ పూట నాకు వచ్చిన కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

చనిపోయిన జాలరికీ, కోలుకున్న రైతు భార్యకూ, షటిల్ ఆడే డైరెక్టరుకూ ఉమ్మడిగా ఉన్నదేమిటి? ముగ్గురి చేతులూ తుడిచిన లోషన్. వార్డు బల్లమీద ఆ గాజు జాడీ ఏళ్ళుగా ఉంది. పొద్దున్నే అడుగున మిగిలిన దానిమీదే కొత్త లోషన్ పోసి, కొత్త దూది ఉండలు వేయడం మా ఆనవాయితీ. జాడీ కడిగిన పాపాన ఎవరూ పోలేదు. ఆ మార్చిలో ఎప్పుడో అందులో చేరిన క్రిమి, పెరుగుకు తోడు పెట్టినట్టు, నిన్నటి లోషన్‌లోంచి ఇవాళ్టి లోషన్‌లోకి వచ్చేది. ఒక చుక్క పళ్ళెంలో వేస్తే పర్చూరు స్ట్రెయిన్ పుష్కలంగా పెరిగింది. ఈసారి ఎవర్నీ అడక్కుండా గుంటూరు పంపించాను. అది తడి తొట్లలోనూ, పాత నీళ్ళలోనూ బతికే సూడోమొనాస్ అనే క్రిమి అని, టైఫాయిడ్ మందులు దానికి పుట్టుకతోనే పనిచేయవని రాశారు. సీసాలో అసలు టైఫాయిడ్ క్రిమిని ఇది తొక్కేసి తానే పెరిగేది. పోలయ్య కడుపులోని చీములో మాత్రం మామూలు టైఫాయిడ్ క్రిమి దొరికిందని, క్లోరాంఫెనికాల్‌కు ఎస్ అని అక్కడి సర్జన్లు కబురు చేశారు.

జాడీ ఉడికించి, రోజూ కడిగి ఆరబెట్టే ఏర్పాటు చేయించాను. తర్వాత ఒక్క పళ్ళెంలోనూ ఆ క్రిమి రాలేదు. ఇదంతా డైరెక్టరుగారికి విన్నవించాను. శ్రద్ధగా విని, అయితే ఇది లోషన్‌ను కూడా తట్టుకునే స్ట్రెయిన్ అన్నమాట అని పేపరులో ఒక పేరా కలిపారు. సకాలంలో తీసుకున్న చర్యలవల్ల స్ట్రెయిన్ అంతరించిందని ఇంకొకటి. ఢిల్లీలో చప్పట్లు బాగానే పడ్డాయని విన్నాను. నేను ఆ నెలాఖరుకు రాజీనామా ఇచ్చి గుంటూరు వెళ్ళిపోయాను.

ఆ పేపరు కాపీ తర్వాత నా చేతికొచ్చింది. బతికిన నాగేంద్రమ్మ అందులో లేదు. పోలయ్య ఉన్నాడు, చివరి పట్టికలో, మరణాలు అన్న గడిలో ఒకటి అనే అంకెగా. కారణం అన్న గడిలో పర్చూరు స్ట్రెయిన్ అని ఉంది. నిజానికి ఆ మరణానికి కారణం ఆ పేపరే.

తర్వాత నేను పాఠం చెప్పినన్నాళ్ళూ, కొత్తగా చేరిన ప్రతి పీజీ విద్యార్థి చేతా మొదటి రోజే జబ్బులేని మనిషి రక్తాన్నీ, వార్డు లోషన్‌నూ కల్చర్ చేయించేవాణ్ని. మందుకు లొంగని క్రిమి దొరికితే ముందు అది రోగిదో మనదో తేల్చుకోవాలి. తేలేదాకా రోగికి మందు ఆపకూడదు.