నుయ్యి ఉన్న స్థలం

ఇన్నేళ్ళుగా అందరూ నన్ను మంచిదాన్నంటున్నారు. ఆ మాట మోయలేకపోతున్నాను. మీరు నన్నెరగరు కాబట్టి మీతో చెబుతున్నాను.

తొంభైల్లో ఆ పెద్ద తుపాను అంతర్వేది వైపున్న మా ఇళ్ళు పడగొట్టింది. నూతుల్లోకి ఉప్పునీరు చేరింది. ఇంక సముద్రం పక్కన పిల్లలతో ఉండలేమని మా ఆయనా, మా బావగారూ కొత్తపేట దగ్గర పక్కపక్కనే రెండు స్థలాలు బేరం చేశారు. ఇంట్లో ఉండేది మీరే, మీరే చూసి చెప్పండని నన్నూ, బావగారి భార్యనీ పంపారు. ఆవిణ్ణి అక్కా అంటాను. పెద్దవాళ్ళకి పడమర ఇవ్వడం మావాళ్ళలో ఆనవాయితీ. అంటే తూర్పుది మాది.

తూర్పు స్థలంలో నుయ్యి ఉంది. అక్క చేద వేసి, దోసిట పట్టి తాగి, కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తుపాను తర్వాత తియ్యటి నీళ్ళు తాగి ఎన్నాళ్ళయిందో. నేను అదే స్థలంలో అవతల మూలనున్న పాత పశువుల పాక చూస్తున్నాను. గోడ మీద నడుం ఎత్తున బురద చార. గోరుతో గీస్తే ఒండ్రు రాలింది. ఎప్పుడో గోదావరి అక్కడిదాకా వచ్చి వెళ్ళింది. పడమర స్థలం మెరక. అక్క అడుగుల చప్పుడు విని, పక్కనున్న కొబ్బరి మట్టలు తీసి ఆ చారకి అడ్డంగా ఆనించాను. ఆలోచించే చేశానా? నాకు తెలియకుండా చేతులు చేశాయనుకుంటే హాయిగానే ఉంటుంది గానీ, ఆ తర్వాత మాట్లాడింది నోరు కదా.

"గోదారొస్తే ఇది మునుగుద్దంటావేటే చెల్లీ?"

"గట్టుంది కదక్కా, ఏం రాదు. ఇది నువ్వే తీసుకో. మోకాళ్ళ నెప్పులతో నీళ్ళెక్కణ్ణుంచి మోస్తావు?"

"పిచ్చిదానా, నుయ్యి నాకొదిలేస్తావా!" అని నన్ను దగ్గరికి తీసుకుంది.

చుట్టాలందరూ మెచ్చుకున్నారు. కొన్నేళ్ళకి గట్టు తెగింది. మా అరుగు దగ్గర ఆగిన నీళ్ళు వాళ్ళింట్లో నడుం దాకా వచ్చాయి. ధాన్యం బస్తాలు మోస్తూ రెండు రోజులు ఆ నీళ్ళలోనే తిరిగిన బావగారికి జ్వరం పట్టుకుంది. మళ్ళీ లేవలేదు. "నీ ఇల్లుండబట్టి పిల్లలన్నా దక్కేరే" అని అక్క నా భుజం మీద పడి ఏడ్చింది.

చెప్పి ఉంటే ఏమయ్యేది? ఆ రెండు స్థలాలూ వదిలేసి ఇంకోచోటు వెతుక్కునేవాళ్ళమేమో, ఎవరమూ మునిగేవాళ్ళం కాదేమో. ఈ ఆలోచనే నన్ను తినేస్తోంది. నా పిల్లల కోసం చేశానని ఎన్నోసార్లు సర్దిచెప్పుకున్నాను. ఆవిడకీ పిల్లలున్నారు.

అక్కకి చెప్పే ధైర్యం ఈ వయసులోనూ లేదు. క్షమించమని మిమ్మల్నీ అడగను. ఆ మట్టలు ఇన్నేళ్ళకి పక్కకి తీశాను, అంతే. కాస్త ఊపిరాడుతోంది.

అక్క ఇప్పటికీ పొద్దున్నే మొదటి బిందె మా గుమ్మంలో పెడుతుంది. "ముందు నీకేనే, నువ్విచ్చిన నుయ్యి గదా" అంటుంది. ఇవాళా తెచ్చింది. తాగాను.