వొదిన పాతిన డబ్బాలు

ఒకప్పటి మా పక్క క్వార్టరు వొదిన మొన్న మంగళవారం పొద్దున్న పోయింది. కబురు తెచ్చింది ఆవిడ కూతురే. గేటు దగ్గర నిలబడి, "అత్తా, అమ్మ నేదు" అంది. పిల్లని దగ్గరికి తీసుకోవాల్సింది పోయి, "మొక్కలకి నీళ్ళు ఎవులు పోస్తన్నారే?" అని అడిగాను. ఏం మనిషినో నేను! వొదిన ఉంటే మాత్రం మెచ్చుకునేది.

మాకు చుట్టరికం ఏమీ లేదు. ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో గోడకి అటు వాళ్ళు, ఇటు మేం. ఎనభైల మొదట్లో ఒక చలికాలం, వర్క్‌షాపులో పనిచేసే ఆవిడ భర్త గుండె ఆగి పోయాడు. ఆయన బదులు ఆవిడకి ఉద్యోగం ఇస్తే క్వార్టరు నిలుస్తుంది, ఇవ్వకపోతే ఖాళీ చేసి పోవాలి. కూతురు అప్పుడు ఆరో క్లాసు. శ్రీకాకుళం వైపు అత్తవారింట్లో తలదాచుకునే చోటు లేదు. ఆర్డరు ఇవాళో రేపో అనుకుంటూ ఉండగానే చలి తగ్గింది, వేపచెట్లు ఆకు రాల్చాయి.

ఒక పొద్దున్న చూద్దును కదా, వొదిన గునపం పట్టుకుని వరండా ముందు తవ్వుతోంది. మా నేల ఎర్ర మొరం, గునపం దిగడమే కష్టం.

"ఉంటారో ఎల్లిపోతారో తెలీదు, ఇప్పుడేటి వొదినా ఈ పని?" అన్నాను.

"సేతులు ఊరుకుంటే గుండె దడదడలాడిపోతంది. తవ్వుతుంటే తగ్గుతంది" అంది.

రాళ్ళేరి, మట్టి జల్లించి, ఎండుపేడ, పొయ్యి బూడిద కలిపింది. అంచున ఇటుకలు ఏటవాలుగా పాతి సున్నం కొట్టింది. అంతవరకూ కాలనీలో అందరూ చేసేదే. ఆ తర్వాత ఇంటింటా అడిగి తెచ్చిన వనస్పతి డబ్బాల అడుగున మేకుతో బెజ్జాలు కొట్టి, ఒక్కో మొక్క ఒక్కో డబ్బాలో నాటి, ఆ డబ్బాల్ని పైకి కనబడకుండా నేలలో పాతేసింది. వెనక చంద్రకాంతలు, నడుమ జీనియాలు, ముందు పొట్టి బంతి. చూసేవాళ్ళకి నేలలో నాటినట్టే ఉండేది.

"పొమ్మంటే ఇయ్యి కూడా నాతో బండెక్కాల" అంది.

వీధిలో సైకిలు బెల్లు మోగితే చాలు, ఆఫీసు కబురేమోనని ఆవిడ చెయ్యి ఆగిపోయేది. గోడకి ఇవతల నా చెయ్యీ ఆగేది. ఆవిడ వెళ్ళిపోతే నాకెవరున్నారు ఆ కాలనీలో?

మొగ్గలు తొడిగాక ఒక మధ్యాహ్నం ఒక బెంగాలీ దీదీ వచ్చింది. ఖాళీ అవుతుందన్న క్వార్టరుని ముందే చూసిపోవడం మాలో మామూలే. "గాఛ్‌గులో థాక్బే తో?" అని అడిగింది, మొక్కలు ఉంచేస్తారు కదా అని. పాపం, మంచిగానే అడిగింది. వొదిన "థాక్బే" అని నవ్వింది. దీదీ మలుపు తిరగ్గానే కూర్చుని, డబ్బాలన్నీ పెరికి వరండాలో పెట్టేసింది. తెల్లటి ఇటుకల వెనక వరసగా గుంతలు మిగిలాయి. అన్నం పట్టుకెళ్తే ముట్టలేదు.

ఆ వారంలోనే ఆర్డరొచ్చింది. ఆఫీసు నుంచి పరుగెత్తుకొచ్చి, "నాకిచ్చినారే! ఇచ్చినారే!" అంటూ ఆ గుంతల పక్కనే కూలబడి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఇద్దరం కలిసి మొక్కల్ని మళ్ళీ దింపాం.

"ఇంక డబ్బాలెందుకు వొదినా?" అన్నాను.

"ఉండనీయే. ఇచ్చినోళ్ళు మళ్ళీ అడగరని ఏటి నమ్మకం?" అంది.

రిటైరయ్యి, కాలనీ బయట ఝపటాపూర్‌లో సొంతంగా రెండు గదులు వేసుకున్నాక కూడా ప్రతి ఫాల్గుణంలో డబ్బాలే. "సొంతిల్లే కదా, నిన్నెవులు పొమ్మంటారు?" అని ఆటపట్టిస్తే, "నీకేటి తెల్సు" అని కసిరేది. నిజమే, నాకప్పుడు తెలీదు. ఇప్పుడు మా ఆయన రిటైర్మెంటు దగ్గరపడుతోంది. ఈ క్వార్టరు వదిలి ఎక్కడికి పోవాలో ఇంకా తేలలేదు. పొద్దున్న లేస్తూనే గుండెలో అదే దడ.

దహనం అదీ అయ్యాక ఆ మంగళవారం సాయంత్రం ఝపటాపూర్‌లో ఆవిడ మొక్కల దగ్గర కూర్చున్నాను. కొత్తగా నాటిన బంతి నారు తల వాల్చేసి ఉంది. నీళ్ళు పోద్దామని డబ్బా అంచు కోసం మట్టిలో వేలు పెట్టి తడిమాను. తగల్లేదు. పక్క మొక్క దగ్గరా తగల్లేదు.

"ఏటి ఎతుకుతున్నావత్తా?" అంది కూతురు.

"డబ్బాలమ్మా."

"ఈ ఏడు అమ్మ డబ్బాలొద్దనీసి నేల్లోనే నాటీసింది. అవిగో."

గోడ వార, శుభ్రంగా కడిగి బోర్లించి ఉన్నాయి. మగ్గు ఎత్తి మొదటి మొక్కకి నీళ్ళు పోశాను. నీరు అక్కడ ఆగలేదు. మెల్లగా పక్క మొక్క దాకా, ఆ పక్క మొక్క దాకా పాకుతూ పోయింది.