సముద్రం సైదులు పడవలో ముందు సీటు

సైదులు మేస్త్రి ఇక లేడన్న వార్త నాకు అందిన క్షణంలో నేను అతని గురించే నవ్వుతూ మాట్లాడుతున్నాను. సూర్యాపేట బస్టాండు ఎదుటి హోటల్లో, నలుగురు విశ్రాంత ఉపాధ్యాయుల నడుమ, టీ గ్లాసు చేత పట్టుకొని, మిర్యాలగూడ నుంచి సముద్రం దాకా రబ్బరు పడవను మోసుకెళ్లి, నీళ్లు చూడగానే కాళ్లు వణికి, పాదం తడవకుండా తిరిగొచ్చిన మొనగాడి కథ చెబుతున్నాను. ఎన్నోసారి చెబుతున్నానో నాకే తెలియదు. సరిగ్గా నవ్వు రావలసిన చోట ఫోను మోగింది. కోదాడ నుంచి అతని బిడ్డ శోభ. "పెద్దనాయినా, నాయిన పొద్దుగాల మిల్లుల కూలవడ్డడంట. దవాఖానకు తీస్కపోయే లోపట్నే పానం పోయింది," అన్నది. టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాను. నా మొహం చూసి కూడా పక్కనున్నాయన, "తర్వాత ఏమైంది సార్, ఆ పడవ?" అని అడిగాడు.

దశదిన కర్మ ముగిశాక మిర్యాలగూడలో సంతాప సభ పెట్టారు. ఛీ! అంతటి రోత పుట్టించిన సభను నేను ఎరుగను. ఒకాయన "సాహసమూర్తి" అన్నాడు. ఇంకొకాయన "సాగరపుత్రుడు" అన్నాడు. ఈ ఇద్దరూ నిన్నమొన్నటి దాకా సైదులు స్కూటరు మీద పోతుంటే నోటితో పడవ ఇంజను చప్పుడు చేసి వెక్కిరించిన మహానుభావులే. దండ వేసిన ఫోటోలో సైదులు నారింజ రంగు లైఫ్ జాకెట్ తొడుక్కొని ఉన్నాడు. ఒకనాడు వాళ్లు నవ్వుకోవడానికి తీసిన ఫోటో అది. మనిషి పోయేసరికి దానికి పూలదండ, అగరొత్తులు! చచ్చినోని కండ్లు చారెడంత అని ఊరికే అనలేదు పెద్దలు.

నన్ను "బాల్యమిత్రులు, తెలుగు పండితులు" అని పిలిచి మైకు ముందు నిలబెట్టారు. ముప్పై ఏళ్లు పిల్లలకు అలంకారాలు నూరిపోసిన నోటికి ఒక్క వాక్యం చిక్కలేదు. దుఃఖంతో గొంతు పూడుకుపోయిందనుకొని చప్పట్లు కొట్టారు. గొంతుకు ఏ రోగమూ లేదు. అక్కడ మింగిన మాటను ఇక్కడ రాస్తున్నాను.

మేమిద్దరం పెన్‌పహాడ్ పక్క పల్లెలో ఒకే బల్ల మీద కూర్చొని చదువుకున్నాం. నేను పద్యాలు బట్టీ పట్టి పంతులునయ్యాను. అతడు పదో తరగతి తప్పి మిర్యాలగూడ మిల్లుల్లో రిపేర్లు చేసే మేస్త్రి అయ్యాడు. మిల్లు గేటు దగ్గర నిలబడి చప్పుడు విని, లోపల ఏ బేరింగు అరిగిందో చెప్పగలిగిన విద్య అతనిది. యౌవనంలో ఒకసారి బియ్యం లారీతో చీరాల దిక్కు పోయాడు. లారీ చెడిపోయి రెండు రోజులు సముద్రం ఒడ్డున పడి ఉండవలసి వచ్చింది. అక్కడ ఒక చిన్న పడవ తీరం వెంబడి సాగిపోతూ కనుమరుగైందట. అది ఎక్కడికని అడిగితే బందరుకని చెప్పారట. తిరిగొచ్చి నా చేయి పట్టుకొని, "ఒక్కటే ఒడ్డున్న నీళ్లు పంతులూ! సాగర్ కాల్వకు రెండు దిక్కుల ఒడ్డుంటది. దీనికి ఒక్కటే. ఒడ్డును ఎడమ చెయ్యి దిక్కు వెట్టుకొని పోతాంటే బందరొస్తదంట. ఎప్పటికన్న మనిద్దరం పోవాలె," అన్నాడు. పోదాం పోదాం అన్నాను నేను. ఆ వయసులో మాటకు విలువ ఏముంది?

అతనికి మాత్రం ఉంది. యాభై దాటాక, బిడ్డ పెళ్లి చేశాక, వరద సహాయానికి వాడి పారేసిన గాలి పడవనొకదాన్ని హైదరాబాదు నుంచి ఇంజనుతో సహా తెచ్చి, తాను పనిచేసే మిల్లు షెడ్డులో పెట్టాడు. అయ్యో, ఆ పడవ పడ్డ పాట్లు! పడవల విద్య ఓనమాలు తెలియని ఈ మహానుభావుడు లారీల విద్యనంతా దాని మీద ప్రయోగించాడు. మొదటి రోజే లారీ టైర్లకు గాలి కొట్టే మిషను తగిలించి, పడవను రాయిలా బిగించి, నడి ఎండలో మిల్లు ఆవరణలో పెట్టి అన్నానికి పోయాడు. ఎండకు లోపలి గాలి ఉబ్బి ఒక పక్క అతుకు పేలింది. బాయిలరే పేలిందనుకొని హమాలీలు బస్తాలు కింద పడేసి రోడ్డెక్కారు. ఆ చిరుగును పంక్చరు షాపులో లారీ ట్యూబుకు వేసినట్టు వేడి ప్యాచ్ వేయించబోతే, పడవ గుడ్డ కరిగి చేయి పట్టేంత బొక్క పడింది. గొప్ప మేస్త్రి! "గాలి తక్కువైతే పరువు పోతది పంతులూ, ఎక్కువైతే పడవ పోతది," అని తన తెలివితక్కువతనాన్నే సూక్తిగా మార్చి నాకు వినిపించాడు.

తర్వాత సూర్యాపేట దగ్గర మూసీ ప్రాజెక్టులో పరీక్ష. లారీలో బరువంతా వెనక ఇరుసు మీద పడాలన్నది మిర్యాలగూడ శాస్త్రం. ఆ శాస్త్రం ప్రకారమే పెట్రోలు డబ్బాలు, లంగరు, నీళ్ల క్యాన్లు అన్నీ ఇంజను పక్కనే కుక్కాడు. ఇంజను అందుకోగానే పడవ ముక్కు ఆకాశానికి లేచింది, వెనక నుంచి నీళ్లు లోపలికి దూకాయి. ఒడ్డున ఉన్న హమాలీ ఒకడు, "మేస్త్రీ, ముంగట బరువు లేదే! ముంగట ఒక మనిషిని కూసోవెట్టు!" అని అరిచాడు. ఒడ్డెక్కాక సైదులు తల తుడుచుకుంటూ నన్ను చూశాడు. "ఇన్నవా పంతులూ? ముంగట నువ్వుంటెనే ఇది సక్కగ పోతది."

అక్కడి నుంచి మాత్రం నేర్చుకున్నాడు. ఒప్పుకోక తప్పదు. డబ్బాలను మధ్యకు, లంగరును ముందుకు జరిపాడు. తాను జారి పడితే ఇంజను దానంతటదే ఆగిపోయేటట్టు మణికట్టుకు తాడు కట్టుకోవడం అలవాటు చేసుకున్నాడు. ఇంధనం గురించి అతడు చెప్పిన మాటను నేను ఏ గ్రంథంలోనూ చదవలేదు. "పోనీకి ఒక పాలు, రానీకి ఒక పాలు, మన బుద్ధితక్కువతనానికి ఒక పాలు. మూడు పాళ్లు లేంది ఒడ్డు ఇడ్వొద్దు." ఇంకొక నియమం కూడా పెట్టుకున్నాడు. ఇద్దరు లేనిది పడవ కదలరాదు. ఆ రెండోవాడిని నేను.

నెల రోజులు చీరాల దిక్కు జాలర్లకు ఫోన్లు చేసి గాలి ఎప్పుడు నెమ్మదిస్తుందో అడిగాడు. చివరికి ఒకనాడు పడవను డీసీఎం వ్యానులోకి ఎక్కించి, కోదాడలో బిడ్డ ఇంట్లో ఆగి, తెల్లవారేసరికి తీరం చేరాం. ఇక్కడి దాకా కథ ఊరందరికీ తెలుసు. ఇక్కడి నుంచి తెలిసింది అబద్ధం.

ఆ రోజు సముద్రం పరిచిన దుప్పటిలా ఉంది. ముసలి జాలరి ఒకాయన, "ఇంత మంచి నీరు మళ్లీ దొరకదు బాబూ, దిగండి," అన్నాడు. సైదులు నడుంలోతు నీళ్లలో పడవను పట్టుకొని నిలబడి, మణికట్టుకు తాడు కట్టుకొని, పెళ్లికొడుకంత సంబరంగా, "రా పంతులూ!" అని పిలిచాడు. నేను అటు చూశాను. అతడు చెప్పింది నిజమే. ఆ నీళ్లకు ఒక్కటే ఒడ్డు ఉంది. రెండడుగులు వెనక్కి వేశాను. "నడుం పట్టేసింది సైదులూ. ఇయ్యాల నాతోటి కాదు," అన్నాను. నా నడుముకు ఏమీ కాలేదు. అది అతనికీ తెలుసు. నా మొహం చూసి, మణికట్టు తాడు విప్పుకున్నాడు. జాలరి, "పోనీ నేను తోడొస్తాను, పదండి," అన్నాడు. సైదులు తల అడ్డంగా ఊపి, "గాలి మంచిగ లేదు తాతా, పోతం," అన్నాడు. గాలి బాగాలేదట! పుట్టింది మొదలు సముద్రం మీద బతికిన మనిషికి మిర్యాలగూడ మేస్త్రి చెప్పాడు! అక్కడున్న జాలర్లంతా విరగబడి నవ్వారు. నేను డీసీఎం క్యాబిన్లో కూర్చొని వింటున్నాను.

కోదాడలో అతని వియ్యంకుడు గుమ్మంలోనే ఎదురొచ్చి, "ఏంటి బావగారూ, అప్పుడే వచ్చేశారు? బందరు లడ్డూలు ఏవీ?" అని వేళాకోళం చేశాడు. బిడ్డ చూస్తోంది, అల్లుడు చూస్తున్నాడు. సైదులు చెప్పులు విడుస్తూ, "నీళ్లను సూడంగనే కాళ్లు వణికినయ్ బావా. నాతోటి కాలె," అన్నాడు. ఒక్క మాట, ఒకే ఒక్క మాట, "కాదు, నాకే భయమేసింది" అని నేను అనవలసింది. రెండో పెసరట్టు వేయించుకున్నాను.

అంతటితో ఆగానా? ఆ వారమే సూర్యాపేట హోటల్లో ఈ కథను అతని పేరు మీద చెప్పేశాను. ఎక్కడ నా పిరికితనం బయటపడుతుందోనని ముందే అతని మీదికి తోసేశాను. "సముద్రం సైదులు" అన్న బిరుదు ఎవరిదని సభలో ఒకాయన పరిశోధన చేశాడు. పరిశోధన అక్కర్లేదు, అది నాదే. పేరు ముందు విశేషణం చేర్చడం నా వృత్తి కదా. అది సూర్యాపేటలో పుట్టి, బస్సెక్కి మిర్యాలగూడ చేరి, అక్కడి నుంచి కోదాడలో అల్లుడి ఇంటి దాకా పోయింది.

అతనికీ చేరింది. ఒక ఆదివారం మా ఇంటికొచ్చి మంచినీళ్లు తాగి, "పేరు మంచిగ వెట్టినవ్ పంతులూ," అన్నాడు. తిడతాడనుకొని బిగుసుకొని కూర్చున్నాను. "అది గాదు గని, ఆడ నీకేందో భయమైంది. ఏం భయమైందో జెప్పు. మిల్లుల సప్పుడొస్తే ఏ బేరింగో సూడాలె గని మిల్లును తిడ్తమా?" అన్నాడు. సిగ్గుతో చచ్చి, నిజం చెప్పలేక, "పడవలో ఆనుకోవడానికి లేదు, నా నడుముకు పడదు," అన్నాను.

రెండు నెలల్లో పడవ ముందు భాగంలో ఆనుడు చెక్కతో సీటు వెలిసింది. ఎండకు తలనొప్పి అన్నాను, గుడ్డ కప్పు వచ్చింది. నడి నీళ్లలో ఇంజను ఆగితే అన్నాను, రెండో ఇంజను వచ్చింది. "ఒక్క ఇంజనంటే లేనట్టె, నువ్వన్నది కరెక్టే," అని నన్నే మెచ్చుకున్నాడు. దారి తప్పితే అన్నాను, దిక్సూచి, జీపీఎస్ వచ్చాయి. మన కేక ఎవరు వింటారన్నాను, సముద్రం మీద మాట్లాడే రేడియో వచ్చింది. వాంతులవుతాయన్నాను, మూత ఉన్న డబ్బా వచ్చింది. ఈత రాదన్నాను, ఈల కట్టిన జాకెట్ వచ్చింది. ఒక్కొక్క సామాను వచ్చినప్పుడల్లా నేను హోటల్లో కొత్త అధ్యాయం విప్పేవాణ్ని. "ఇన్నారా, సముద్రం సైదులు పడవకు కుర్చీ వేయిస్తున్నాడట!" "ఇన్నారా, మిర్యాలగూడలో కూర్చొని రేడియోలో తిమింగలాలతో మాట్లాడతాడట!" జనం నవ్వేవాళ్లు. నా జన్మలో పద్యం చదివి అంత చప్పట్లు కొట్టించుకోలేదు.

చనిపోవడానికి నెల ముందు ఫోన్ చేశాడు. "ఇగ ఏమన్న మిగిలిందా పంతులూ?" అన్నాడు. ఎంత వెతుక్కున్నా చెప్పడానికి ఒక్క భయమూ దొరకలేదు. అన్నీ వాడేశాను. "మిల్లు సీజన్ అయిపోనీ, చూద్దాం," అన్నాను. "సరె. గాలి మంచిగున్నప్పుడు ఫోన్ జేస్త," అన్నాడు. ఆ స్వరంలో ఎగతాళి వెతికాను. ఉంటే నాకు కొంత ఊరటగా ఉండేది. లేదు.

సభ అయ్యాక అతని భార్య యాదమ్మ నన్ను మిల్లు షెడ్డుకు తీసుకుపోయింది. పడవ మీద పట్టా కప్పి ఉంది. "అల్లుడు అమ్ముమంటున్నడు అన్న. నువ్వేమంటవ్?" అని అడిగింది. పట్టా తీస్తూ, "గీ ముంగటి సీట్ల ఎవ్వల్ని కూసోనియ్యలె. మన్మడు ఎక్కితె గూడ దించిండు, అది పంతులు సీటు అని. ఆయనకు భయమా అన్న? పదేండ్లు అందరు నవ్విన్రు. నాకైతె ఎన్నడు భయపడ్డట్టు అనిపియ్యలె," అన్నది. అప్పుడు చెప్పాను. భయం ఎవరిదో, అబద్ధం ఎవరిదో, పేరు ఎవరు పెట్టారో అంతా చెప్పాను. ఆమె అరవలేదు. పట్టాను మడత పెట్టి, "బతికుండంగ జెప్పకపోతివి," అన్నది.

కనుక సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రజలారా, ఆ బిరుదును తిరిగి నాకివ్వండి. మీ హోటళ్లలో, మీ మిల్లు గేట్ల దగ్గర, మీ వియ్యాలవారి ఇళ్లలో ఇక మీదట ఆ కథ చెప్పేటప్పుడు కాళ్లు వణికినవాడి పేరు మార్చండి. సైదులు వంటి మేస్త్రి ఈ ప్రాంతంలో మళ్లీ పుట్టడు. పరాయివాడి పిరికితనాన్ని తన నెత్తిన వేసుకొని, దాన్ని కూడా ఒక రిపేరు పనిగా భావించి, పదేళ్లు పానా పట్టుకొని కూర్చున్నవాడు ఇంకెక్కడున్నాడు? అతనికి నా నమస్కారం చేరుతుందో లేదో, చేర్చే అర్హత నాకున్నదో లేదో తెలియదు.

యాదమ్మ ఇంటికి పోయాక ఆ పడవెక్కి ముందు సీట్లో కూర్చున్నాను. కింద షెడ్డు గచ్చు, చుట్టూ ఊక బస్తాలు. వెనక ఇంజను దగ్గర ఎవరూ లేరు. చెక్కకు ఆనుకొని చాలాసేపు అట్లాగే ఉన్నాను. నడుం నొప్పి రాలేదు.